వచ్చినవారి మూట, పోవువారి మూట



ఊరు విడిచి పోయినవారందరు ఒకే విధముగా బ్రతుకుట లేదు. కొందరు పరాయి సీమకు పోయి రెండు తరములలో మిద్దెలు కట్టుదురు. మరికొందరు ఇరువది ఏండ్లు పోయి వచ్చుచున్నను, మొదట విడిచిపోయిన గుడిసెకే తిరిగి వచ్చుదురు. ఇది చూచినవారు తొందరపడి ఒక తీర్పు చెప్పుదురు: "వారు పొదుపరులు, వీరు చేతిలో పైసా నిలుపుకొనలేనివారు. వారికి తెలివి కలదు, వీరికి లేదు." ఈ మాట టీ అంగడిలో వినబడును, మార్కెట్టు యార్డులో వినబడును, ఆరాధన ముగిసిన తరువాత గుడి వాకిట కూడ వినబడును. ఇట్టి తీర్పు న్యాయమైనదేనా? ఈ నెల దీనిని విచారింతము.

ఇందుకు దూరదేశములకు పోనక్కరలేదు. మన ఆదోని ఒక్కటే చాలును. ఇది వలస వచ్చినవారి పట్టణము. చుట్టు పల్లెలు వలస పోవువారి పల్లెలు.

ముందుగా వచ్చినవారి సంగతి చూతము. 1871లో మదరాసు నుండి వచ్చు రైలుమార్గము రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసెను. అటుపిమ్మట మన నల్లరేగడి నేలలలో పండిన పత్తికి ఆదోని గొప్ప సంతయైనది. పత్తి, వేరుశనగ, ఆముదములు నేటికిని ఇక్కడి యార్డునకే బండ్లకొలది వచ్చుచున్నవి. ఈ వ్యాపారము వెంట రాజస్థానము నుండియు గుజరాతు నుండియు వర్తక కుటుంబములు వచ్చి స్థిరపడినవి. వారి మనుమలు నేడు మనతో తెలుగే మాట్లాడుచున్నారు. వారిని పరాయివారనుట సరికాదు.

అట్టి వర్తక కులములలో క్రొత్తగా వచ్చిన పడుచువాడు ఎట్లు నిలదొక్కుకొనెను? వాడు చేతిలో ఏమియు లేకయే దిగియుండవచ్చును. అయితే దిగిన చోట బంధువుల దుకాణము ఉండెను. పెద్ద పట్టణములలో మార్వాడీలు "బాసా" అను ఉమ్మడి భోజన వసతులు నడిపిరి. క్రొత్తవానికి అక్కడ కూడును నీడయు దొరకెను. కొన్నియేండ్లు లెక్కలు వ్రాయుట, సరుకు పోల్చుట నేర్చుకొనెను. పిమ్మట బంధువులే సరుకు అరువిచ్చి వేరు దుకాణము పెట్టించిరి. నష్టము వచ్చినయెడల గడువు పెంచిరి. ఇది కష్టము లేని జీవితమని మేమనుట లేదు. ఆ పొదుపును, ఆ మాట నిలకడను మనము మెచ్చుకొనవలెను. అయినను ఒకటి గుర్తుంచుకొనుడి: వాడును అప్పుతోనే మొదలుపెట్టెను.

ఇక పోవువారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద, నందవరం, గోనెగండ్ల మండలములలో దసరా దీపావళి దాటినంతనే వీధికి వీధి ఖాళీ యగుట మనమెరిగినదే. దీనిని మనవారు "సుగ్గికి పోవుట" అందురు. సుగ్గి యనునది కన్నడ మాట, పంటకోత కాలమని అర్థము. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివి గనుక ఇట్టి మాటలు మన నాలుకపై నిలిచిపోయినవి. కొందరు తెలంగాణమునకు పత్తి తీయుటకు పోవుదురు, కొందరు గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకు పోవుదురు, కొందరు బెంగుళూరులో కట్టడపు పనికి పోవుదురు. ప్రక్కనే తుంగభద్ర పారుచున్నను, దిగువ కాలువ చివరి పొలములకు నీరు చేరుట అరుదు. వాన తప్పినదా, ఇక దారి రైలుబండియే లేక లారీయే.

వీరిలో పలువురు బయలుదేరక మునుపే మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసికొందురు. ఆ సొమ్ము వారి సంచిలోనికి పోదు. విత్తనముల అప్పు, ఎండిపోయిన బోరు అప్పు, ఆసుపత్రి అప్పు, బిడ్డ పెండ్లి అప్పు – వీటికే చెల్లిపోవును. అనగా ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసి, దానిని తమ చేతులతో తీర్చుటకు పోవుదురు. కోతకూలి తూకమును బట్టి లెక్కింపబడుచోట ఎన్ని చేతులుంటే అంత కూలి. అందుచేత బడికి పోవలసిన బిడ్డ చేయి కూడ లెక్కకు వచ్చును. కోయలేనంత చిన్నవారిని కనిపెట్టుటకు ఇంకొంచెము పెద్దపిల్ల చేను గట్టున కూర్చుండవలెను. ఇంట ముసలివారు మిగులుదురు. వేసవిలో కుటుంబము తిరిగి వచ్చునప్పటికి పరీక్షలు ముగియును. జూన్ నెలలో విత్తనములకు మరల అప్పు.

అందరి గతి ఇదేయని చెప్పుట అబద్ధమగును. సుగ్గి సొమ్ముతో ఇల్లు కట్టినవారును, ఎకరము కొన్నవారును మన సంఘములలో ఉన్నారు. వలస లేనియెడల కొన్ని కుటుంబములకు కూడు కూడ ఉండదు. అయినను పోవు ప్రతి యింటికిని ఆ భాగ్యము కలుగుట లేదు.

ఇప్పుడు ఆ తీర్పును మరల చూడుడి. పొదుపు లేనివారని యెవరిని అందుము? పరాయి చేలో టార్పాలిను క్రింద మూడు రాళ్ల పొయ్యిపై ఒక్కపూట వండి రెండు పూటలు తినువారినా? కష్టపడరని యెవరిని అందుము? మిరప ఘాటుకు చేతులు మండుచుండగా తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు వంగి కోయువారినా? కష్టమందు గాని పొదుపునందు గాని ఈ ఇద్దరి నడుమ అంత యెడము లేదు. ఇద్దరును అప్పుతోనే బయలుదేరిరి. భేదమంతయు ఆ అప్పు ఎవరిది అనుటలో ఉన్నది. ఒకనికి అప్పిచ్చినవాడు వాడు పైకి రావలెనని కోరెను. వాడు పైకి వచ్చిననే ఆ అప్పు తీరును, కులమునకు మరియొక దుకాణము పెరుగును. మరియొకనికి అప్పిచ్చినవాడు వాడు వచ్చే యేడును రావలెనని కోరును. వాడు తేరుకొనినచో మేస్త్రీకి ఒక చేయి తగ్గును. మొదటిది నిచ్చెన, రెండవది పలుపు. ఒకే రూపాయి, ఇచ్చిన చేతినిబట్టి నిచ్చెనయు కాగలదు, పలుపును కాగలదు.

ఇది మన తాలూకాలో మాత్రమే జరిగినది కాదు. వెనుకటి తరములలో తెలుగువారు సముద్రము దాటి బర్మాకు పోయిరి. అక్కడికి మన దేశము నుండి పోయినవారిలో చెట్టినాడు నుండి పోయిన చెట్టియార్లును ఉండిరి, కోస్తా జిల్లాల నుండి పోయిన మన కూలీలును ఉండిరి. చెట్టియారు గుమాస్తాగా పోయి, తన వారి పెట్టుబడిని త్రిప్పి, తన వాటా పొందెను. 1930 తరువాత ధాన్యము ధర పడిపోగా తాకట్టు పొలములు వారి వశమై, 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో నాలుగవ వంతు భూమి వారి చేతిలో ఉండెను. మన తెలుగు కూలీయో, మేస్త్రీ పెట్టిన ఓడ ఛార్జి అప్పుతో రంగూను రేవున దిగి, ఆ అప్పు క్రిందనే మూటలు మోసెను. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె తీరిన తరువాత వారిని తీసివేసిరి. ఇద్దరు పేదల నడుమ రంగూను వీధులలో రక్తము పారెను. 1942లో యుద్ధము వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. అడవి దారిని నడిచి వేలమంది చనిపోయిరి. చెట్టియార్లును తరువాత తమ భూములను పోగొట్టుకొనిరి. అయితే వారిలో పలువురికి మదరాసులోను, ఇతర దేశములలోను వ్యాపారములు మిగిలెను. కూలీకి మిగిలినది తన రెండు కాళ్లే. ఒకే దేశమునుండి పోయి, ఒకే దేశములో బ్రతికి, ఒకే విపత్తులో చిక్కినవారే. తిరిగి లేచుటకు పట్టుకొనిన కొమ్మ వేరు.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "సారాయికి పోయిన కూలి సంగతి ఏమి? అది కూడ అప్పిచ్చినవాని తప్పేనా?" న్యాయమైన ప్రశ్న. త్రాగుడు పాపమే, దానివలన ఇండ్లు కూలుచున్నవి, ఆ మాట గట్టిగా చెప్పవలెను. కాని పత్తి ధరలపై జూదమాడి సొమ్ము పోగొట్టుకొనిన కొడుకులు ధనవంతుల యిండ్లలో లేరా? అక్కడ పెదతండ్రి వచ్చి లెక్క సరిచేయును. ఇక్కడ పెద్దకూతురు బడి మానును. తప్పు సమానమైనను చెల్లించు వెల సమానము కాదు. తప్పును తప్పనుట న్యాయము. వెలలోని భేదమును చూచి దానిని గుణభేదమని పిలుచుట అన్యాయము.

లేఖనములలో వలసవారి కథలు కొదువ లేదు. కరవు వచ్చి యాకోబు ఇంటివారు ఐగుప్తునకు పోయినప్పుడు యోసేపు అక్కడ అధికారియై యుండెను గనుక, మంచి మేతగల గోషెను వారికి దొరకెను. తరములు గడచి, యోసేపు మేలు గుర్తులేని రాజు లేచెను. వారే ఇటుకలు చేయు దాసులైరి. రక్తము మారలేదు, గుణము మారలేదు, దేవుడు మారలేదు. మారినది ద్వారమునొద్ద నిలిచినవాడే. ఒక జనము యొక్క కలిమి లేములు దాని గుణమునకు కొలబద్ద కావని చూపుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ధర్మశాస్త్రము ఈ సంగతిని బాగుగ ఎరుగును. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని చెప్పును. వాడు స్వజనుడైనను పరదేశియైనను ఒకటే. 15వ అధ్యాయము ఇంకను లోతునకు పోవును: అప్పుచేత దాసుడైనవానిని ఏడవయేట విడిపించుట మాత్రమే చాలదు, మందలోనుండియు కళ్లములోనుండియు కొంత ఇచ్చి పంపవలెను. వట్టి చేతులతో పోవువాడు మరల దాసత్వమునకే తిరిగి వచ్చునని శాస్త్రకర్త యెరుగును. మన దేశములో 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చెను. పలుపు కోయుమని చట్టము చెప్పినది. కోసిన తరువాత చేతిలో ఏమి పెట్టవలెననునది ఇరుగుపొరుగువారి మనస్సాక్షికి మిగిలినది.

ఇది జరుగని పని కాదు. ఎమ్మిగనూరును చూడుడి. నూలును బయానాయును సాహుకారి చేతిలో ఉన్నంతకాలము నేతగాడు వానికి కట్టుబడియే యుండును. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘమును స్థాపించిరి. సంఘమే నూలు ఇచ్చి, బట్ట తీసికొని, కూలి ఇచ్చెను. 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదు లభించెను. తరువాతి దశాబ్దములలో మగ్గములకు గడ్డు దినములు వచ్చిన మాట నిజమే. అయినను ఆ సంఘము ఒక సత్యమును ఋజువు చేసెను: అప్పిచ్చు చేయి మారినప్పుడు, అదే నేతగాడు, అదే మగ్గము, అదే ఊరిలో నిలువగలిగెను.

కాబట్టి మేము పాఠకులను కోరునది పెద్ద సంగతి కాదు. దసరాకు ముందే మన సంఘములలో ఎవరెవరు సుగ్గికి పోవుచున్నారో, ఎంత అడ్వాన్సుపై పోవుచున్నారో పెద్దలు అడిగి తెలిసికొనవలెను. స్త్రీల సమాజము గుప్పెడు బియ్యముతో కూడబెట్టిన నిధి చిన్నదే కావచ్చును. అయినను ఒక యింటి ఆసుపత్రి అప్పును అది తీర్చినచో ఆ యిల్లు మేస్త్రీ ముందర తలయెత్తి కూలి మాట్లాడగలదు. వలస పోవువారి పిల్లల కొరకు బడులలో నడుపబడు సీజనల్ వసతిగృహములను గూర్చి తల్లిదండ్రులకు ముందుగా చెప్పవలెను. చోటు చాలనిచో ముసలి అవ్వతో పాటు బిడ్డను కనిపెట్టుటకు ప్రక్క యింటివారు ఒప్పుకొనవలెను. గుంటూరు ప్రాంతపు సంఘములలో మిరపతోటలు గల సహోదరులు కలరు. మన కాపరులు వారి కాపరులకు ఒక ఉత్తరము వ్రాసినయెడల, తూకము సరిగా నుండుటకును, లెక్క కాగితముపై నుండుటకును, ఆదివారము ఆ బిడ్డలకు గుడిలో చాప దొరకుటకును దారి ఏర్పడును.

ఇకమీదట ఇద్దరు వలసవారిని ప్రక్కప్రక్కన నిలిపి పోల్చవలసివచ్చినప్పుడు, ఎవడెంత సంపాదించెనని మొదట అడుగకుందుము. వాడు బయలుదేరిన దినమున వాని చేతిలో సొమ్ము పెట్టినది ఎవరు, ఏమి కోరి పెట్టిరి అని అడుగుదుము. ఆ చేయి మనదేల కాకూడదో కూడ అప్పుడే అడుగుకొందుము.