స్టార్లు ఎవరికి?

"అన్నా, ఘంటసాల భగవద్గీతకి నువ్వెన్ని స్టార్లేస్తావ్?" అని అడిగాడు మా రూములో ఉండే వైజాగ్ కుర్రాడు. పింక్ ఫ్లాయిడ్ బృందం స్టూడియో ఆల్బమ్‌లు 15కీ అప్పటికే మార్కులు వేసేసి కూర్చున్నాడు. 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కి అయిదు, 1970 నాటి 'ఆటమ్ హార్ట్ మదర్'కి రెండు. భక్తితో వినేదానికి మార్కులేమిటని కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఒకరు ప్రాణం పెట్టి చేసిన పనిని తూచే హక్కు వినేవాడికి ఉందా?

ఉందనే నా నమ్మకం. గీత కూడా తూస్తుంది. పదిహేడో అధ్యాయం ఆహారాన్నీ యజ్ఞాన్నీ తపస్సునీ దానాన్నీ సాత్త్వికం, రాజసం, తామసం అని విడదీస్తుంది. పద్దెనిమిదోది కర్తనీ వదలదు. ఫలం మీద ఆశ వద్దన్న రెండో అధ్యాయమే పనిలో నేర్పుని యోగమంటుంది.

సౌదీ అరేబియాలోని ఖఫ్జీలో నా ఉద్యోగమూ తూచడమే. 1960లో జపాన్ కంపెనీ సముద్రం కింద చమురు కనిపెట్టిన ఈ ఊళ్ళో పైపుల వెల్డింగులు తనిఖీ చేస్తాను. ఎక్స్‌రే ఫిల్మును లైటు ముందు పెడితే, పైకి నున్నగా ఉన్న జాయింటు లోపలి గాలి బుడగలు నల్ల చుక్కలై కనిపిస్తాయి. హద్దు దాటితే రిపేరు రాస్తాను. వెల్డరు మనసు ఏ ఫిల్ములోనూ పడదు.

గీత చూసేది మాత్రం ఆ మనసునే, దక్కిన ఫలాన్ని కాదు. 'ఆటమ్ హార్ట్ మదర్' బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానానికెక్కింది. దాన్ని చేసిన వాటర్స్, గిల్మోర్‌లే తర్వాత అది బాగాలేదన్నారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. గీత రికార్డు ఆ తర్వాతే జనంలోకి వచ్చింది. దానికొచ్చిన పేరు ఆయన చెవిన పడనేలేదు.

గానానికి వేయమంటే అయిదుకి అయిదూ వేస్తాను. రాగం ఎటు సాగినా ఒక్క సంయుక్తాక్షరం నలగదు. శ్లోకం ముగియగానే తాత్పర్యం పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. కానీ మా ఊళ్ళో ఎవరైనా పోతే మైకులో పెట్టేది ఆ గీతే. నాన్న పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయాను. వీడియో కాల్‌లో ఏడుపుల వెనక ఆ గొంతే వినబడింది. ఆ రోజు శ్రుతి, లయ నాకు తెలియలేదు.

ఎవరి శ్రద్ధ ఎలాంటిదో వాళ్ళూ అలాంటివాళ్ళేనంటుంది గీత. స్టార్లు వేసేవాడూ ఆ లెక్కలోకి వస్తాడు. అందుకే కుర్రాడితో అన్నాను: "వెయ్యి, తప్పులేదు. పక్కనే ఏ స్థితిలో విన్నావో, ఎంత ఓపిగ్గా విన్నావో కూడా రాయి. సగం నిద్రలో విని రెండు వేశావనుకో, ఆ రెండూ నీ వినికిడికే చెందుతాయి."