జవాను బత్తా ఎవరి బాకీ?

మా ప్రాంతంలో పన్ను బకాయిల గురించి మాట్లాడబోయేవాడు భద్రాచలం వెళ్ళిరాక తప్పదు. తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్మును గోలకొండకు పంపక గుడి కట్టించాడనీ, తానీషా అతన్ని బందిఖానాలో వేయించాడనీ, పన్నెండేళ్ళకు రామలక్ష్మణులు మారువేషాల్లో వెళ్ళి ఆరు లక్షల వరహాలు చెల్లించారనీ కథ. ఇందులో ఎంత నిలుస్తుందో చరిత్రకారులు తేల్చుకుంటారు. నాకు కావలసింది భక్తులు అంతగా పట్టించుకోని చిన్న ఘట్టం. సొమ్ము చెల్లించిన రాముడు ఊరికే వెళ్ళిపోలేదు. నవాబు చేత రసీదు రాయించుకుని, దాన్ని గోపన్న తలగడ కింద పెట్టి మరీ వెళ్ళాడు. ఈ కథ అల్లిన జనానికి సర్కారుతో వ్యవహారమంటే ఏమిటో బాగా తెలుసును. దేవుడైనా సరే, చెల్లుచీటీ లేనిదే గండం గడవదు!

మరొక్క విషయం. ఆరు లక్షల బాకీకి పుచ్చుకున్నది ఆరు లక్షలే. గోపన్న వీపున ఆడిన కొరడా ఖరీదు, కావలి బంట్ల జీతం, పన్నెండేళ్ళ తిండి ఖర్చు ఆ మొత్తం మీద కలిపారని ఎవరూ చెప్పలేదు. (ఆ ఆరు లక్షలు ఏ రైతుల కళ్ళాల మీదినుంచి వచ్చాయన్నది వేరే వ్యాసం కావాలి.) కథలోని నవాబు నిరంకుశుడే, ఐనా అసలుకే చెల్లు రాశాడు. అతనికంటే నాగరికులమని చెప్పుకునే మన వ్యవస్థలు అసలుతోబాటు, ఆ అసలును గుంజటానికి వచ్చినవాని కూలిని కూడా బాకీదారు నెత్తినే వేస్తున్నాయి. ఇది న్యాయమా? ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు.

రెండేళ్ళ కిందట ఒక పట్నంలో నా కళ్ళముందు జరిగిన సంగతి చెబుతాను. ఒక పెంకుటింట్లో ఒంటరి స్త్రీ బట్టలు కుట్టుకుని బతుకుతున్నది. మూడేళ్ళ ఇంటిపన్ను కట్టలేదు. బకాయి రెండువేలకు కొంచెం తక్కువ. ఒకనాటి మధ్యాహ్నం బిల్లు కలెక్టరు, ఇద్దరు జవాన్లు వచ్చి కుట్టుమిషనును ఆటోలో ఎక్కించారు. ఆమె పుస్తెలగొలుసు కుదువబెట్టి గంటలో డబ్బు తెచ్చింది. బకాయి కాక మరో ఆరువందలు అడిగారు: వారంటు ఖర్చు, ఆటో, మనుషుల బత్తా. ఇచ్చింది. చేతికిచ్చిన రసీదులో పన్ను వుంది, వడ్డీ వుంది, ఆ ఆరువందలు లేవు. "దీనికి రసీదేది బాబూ?" అని నేనడిగాను. "ఆటో వోనికి రసీదుంటదా సార్?" అన్నాడు జవాను. నేను ఇంకేదో అనబోతుంటే ఆమే అడ్డుపడింది: "పోనియ్యండి సారూ, మిషన్ దిగింది, గంతే చాలు." నేనూ పోనిచ్చాను. తరగతిలో న్యాయాన్యాయాల గురించి గంటల కొద్దీ పాఠం చెప్పేవాణ్ణి, ఆ వీధిలో ఒక్క నిమిషం నిలబడలేకపోయాను. ఈ వ్యాసానికి మూలం ఆ సిగ్గే.

ఈ ఆరువందలకు వంశవృక్షం వుంది. వెనుకటి రెవిన్యూ భాషలో దీనికి తలబానా అని పేరు. బాకీదారు గుమ్మం ముందు సర్కారు ఒక బంట్రోతును కూర్చోబెడుతుంది. వాడు కూర్చున్నన్నాళ్ళూ వాని రోజుకూలి బాకీదారే ఇచ్చుకోవాలి. అంటే తన మెడమీద కత్తి పెట్టినవానికి తానే అన్నం పెట్టాలన్నమాట. తెల్లదొరలు వచ్చి ఈ పద్ధతిని చట్టంలోకి ఎక్కించారు. 1864 నాటి మద్రాసు రెవిన్యూ రికవరీ చట్టం బకాయిని, దానిమీద వడ్డీని, "ప్రాసెసు ఖర్చుల"ను కలిపి బాకీదారు ఆస్తి అమ్మి రాబట్టవచ్చునంది. ఆ చట్టం పేరు మార్చుకుని ఇప్పటికీ మన మధ్య బతికే వుంది.

ఆనాటి జప్తులు మన అడవుల్లో ఏ రూపం దాల్చాయో తెలుసుకోవాలంటే 1879 రంపా తిరుగుబాటు కారణాలు చూడాలి. అప్పటికి మా సత్తుపల్లి నైజాంలో వుంది. భద్రాచలం 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు కిందికి వచ్చింది, 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. మైదానపు వర్తకులు కొండవాళ్ళతో మోసపు ఒప్పందాలు రాయించుకుని, వాళ్ళకు తెలియకుండానే కోర్టులో ఎక్స్‌పార్టీ డిక్రీలు పొంది, దొరికినదల్లా జప్తు చేయించారు. ఐదు రూపాయల అప్పుకు నూరు రూపాయల సొత్తు పట్టుకుపోయిన ఉదంతాన్ని 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరే ఒప్పుకున్నది. అదే చోట రేకపల్లి సంగతి కూడా వుంది: పోడు మీది పన్ను మద్రాసు వచ్చాక మూడింతలైంది. కొండవాడు వర్తకుణ్ణీ, అమీనానూ, దొరనూ వేరువేరుగా చూడలేదు. ముగ్గురూ ఒకే చేతి వేళ్ళనుకున్నాడు. చదువుకున్నవాళ్ళు దాన్ని అమాయకత్వమన్నారు. నాకు మాత్రం అందులో రాజకీయ జ్ఞానమే కనిపిస్తుంది. ఆ ఐదు రూపాయలకూ నూరు రూపాయలకూ మధ్య వున్న తొంభై ఐదు ఎక్కడికి పోయిందని అడిగినవాళ్ళు వాళ్ళే గదా.

ఇక మన కాలానికి వద్దాం. తెలంగాణ పురపాలక సంఘాల్లో సంవత్సరపు ఆస్తిపన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవానికి నూటికి 5 తగ్గింపు ఇస్తూ వచ్చారు. కట్టలేనివానికి నెలకు నూటికి 2 వడ్డీ, అంటే ఏడాదికి 24. తెల్లదొర 1864లో శిస్తు బకాయి మీద వేసిన వడ్డీ ఏడాదికి నూటికి 6! ఏప్రిల్‌లో చేతిలో రొక్కమున్నవాడెవడు, లేనివాడెవడు అన్నది విడమర్చి చెప్పనక్కరలేదు. ఒకే వీధి, ఒకే మురుగుకాలువ, ఒకే పన్ను, ధరలు రెండు. వడ్డీ బకాయిల్లో నూటికి 90 రద్దు చేస్తామని 2022లో ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. వేసినవాళ్ళకే అది మోయరాని బరువని తెలుసునన్నమాట.

మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఈ వాదాన్ని ఒప్పుకోడు. "కట్టనివాని ఇంటికి మనుషుల్ని పంపిన ఖర్చు వేళకు కట్టినవాడు ఎందుకు భరించాలి?" అంటాడు. ఇది తోసిపారేయదగిన మాట కాదు. ఫంక్షన్ హాలు కట్టుకుని, లక్షల బకాయి పెట్టి, పలుకుబడితో తిరిగే పెద్దమనిషి ఖర్చు కుట్టుపని చేసుకునే ఆమె ఎందుకు మోయాలి? మోయగూడదు. కాని మిత్రుడు రెండు వేరు వస్తువుల్ని ఒకే మూటలో కడుతున్నాడు. రుసుము అంటే పొందిన సేవకు వెల. శిక్ష అంటే విచారణ జరిగి రుజువైన తప్పుకు ఫలితం. జప్తు ఖర్చు ఈ రెంటిలో ఏది? ఆమెకు జవాను చేసిన సేవ ఏమీ లేదు. శిక్ష అంటారా, ఆమె కట్టలేకపోయిందా, కట్టకూడదనుకున్నదా అని ఎవరూ విచారించలేదు. విచారణ అవసరం లేకుండా శిక్షించటానికి దొరికిన తేలిక దారి రుసుమని పేరు పెట్టటం. పైగా అది అంకెల్లో కూడా పేదవాని మీదే పడుతుంది. ఆరువందలు రెండువేల బకాయి మీద నూటికి 30; రెండు లక్షల బకాయి మీద నూటికి 30 పైసలు.

కట్టలేనివాడు, కట్టనివాడు ఒకటి కాదన్న భేదం మన న్యాయశాస్త్రానికి కొత్తేమీ కాదు. చేతిలో లేక అప్పు తీర్చలేనివాణ్ణి జైలుకు పంపటం తగదనీ, వుండీ ఎగవేసే దుర్బుద్ధి కనబడాలనీ సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో తేల్చింది. ఆ తీర్పు కృష్ణయ్యర్‌గారిది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను బాకీదారు వంటపాత్రలను, పక్కబట్టలను, చేతిపనివాని పనిముట్లను జప్తు నుంచి మినహాయించింది. అది కోర్టు డిక్రీల సంగతి, పన్నులకు వేరే చట్టాలున్నాయని ప్లీడరు అనవచ్చు. అననీండి. పనిముట్టు పట్టుకుపోయి బాకీ తీర్చమనటం ఆవును కోసి పాలు పితకమనటమేనని ఆ సెక్షను రాసినవానికి తెలుసు. అది పన్ను విషయంలో మాత్రం అబద్ధమెలా అవుతుంది?

ఈ వ్యవహారం ఎక్కడికి దారితీయగలదో ఇంగ్లండు చూపుతుంది. అక్కడ కౌన్సిల్ టాక్సు బకాయిల వసూలును స్థానిక సంఘాలు ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తాయి. వాటికి సంఘాలు పైసా ఇవ్వవు. కంపెనీ బతికేది బాకీదారు చెల్లించే రుసుము మీదనే. 2014లో అమలుకు వచ్చిన నిబంధనలు ఉత్తరం పంపినందుకు 75 పౌన్లు, గుమ్మం తొక్కినందుకు మరో 235 పౌన్లు నిర్ణయించాయి. మూడువందల పౌన్ల బకాయికి ఖర్చు 310! ఉత్తరంతోనే వ్యవహారం తెమిలితే కంపెనీకి మొదటి రుసుము మాత్రమే కాబట్టి, గుమ్మం తొక్కటంలోనే దాని లాభముంది. మనిషి ఇబ్బంది ముదరటం ఒకనికి వ్యాపారమైన చోట పన్ను ప్రజలదని అనటానికి నోరెలా వస్తుంది? అదే దీవిలో స్కాట్లండు ప్రజలు వేరే పాఠం చెప్పారు. 1989లో అక్కడ పోల్ టాక్సు వచ్చినప్పుడు, సామాన్లు వేలం వేయటానికి అధికార్లు వచ్చిన ఇళ్ళముందు ఇరుగుపొరుగులు గుంపులుగా అడ్డం నిలబడ్డారు. వారంటు వేలాలను రద్దుచేస్తూ 2001లో స్కాటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 2002లో వేరొక చట్టం దాని చోటికి వచ్చిన మాట నిజమే. ఐనా ఇంట్లోని సామాను ముట్టాలంటే, అసాధారణ పరిస్థితుల్లో, కోర్టు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

జవాను మాట కూడా చెప్పకపోతే అన్యాయమౌతుంది. మిషను మోసిన ఇద్దరిలో ఒకడు కాంట్రాక్టు మనిషి. అతని ఇంటిపన్ను కట్టి వుందో లేదో నాకు తెలియదు. కార్యాలయం ఆటో కిరాయి ఇవ్వదు, వసూలు లెక్క మాత్రం అడుగుతుంది. తలబానా పేరు మాసిపోయి "మామూలు" అన్న పేరు నిలిచింది ఇలాగే. ఆ బత్తా సర్కారు ఇవ్వవలసిన జీతంలో భాగం. సర్కారు ఎగవేసిన ఆ జీతాన్ని ఒక పేదవాడు ఇంకొక పేదరాలి దగ్గర వసూలు చేసుకున్నాడు. ఇందులో అసలు బాకీదారెవరో పాఠకులే ఆలోచించాలి.

పన్ను ఎగవేయమని నేననటం లేదు. రోడ్డు మీద నడిచేవాడు, కుళాయి నీళ్ళు తాగేవాడు పన్ను కట్టాలి. పన్ను కట్టి, కాగితం లేని ఖర్చును నిలదీసేవాడు, జవాను చేతిలో నోటు పెట్టి చల్లగా జారుకునేవానికంటే మంచి పౌరుడని మాత్రమే నా వాదం. వారంటు ఏది, దానిమీద సంతకమెవరిది, ఈ అంకె ఏ నిబంధనలో వుంది, రసీదేది—ఈ నాలుగు ప్రశ్నలు అడగటానికి ఎం.ఏ. అక్కరలేదు. ఒక్కరు అడిగితే గొడవ మనిషంటారు. వీధి వీధంతా అడిగితే కార్యాలయం పుస్తకం తెరవక తప్పదు.

ఆలస్యంగానైనా నేను ఆమె దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మొదట నమ్మలేదు. "ఆ ఆరొందల కోసం మళ్ళా మిషన్ ఎత్తుకపోతే మీరిస్తరా సారూ?" అని అడిగింది. ఇస్తానన్నాను. 2005 సమాచార హక్కు చట్టం కింద, ఆ రోజు వసూలు చేసిన ఖర్చులకు ఆధారమైన ఉత్తర్వు నకలు కోరుతూ ఇద్దరం కూర్చుని దరఖాస్తు రాశాం. సంతకం ఆమెదే. ముప్పై రోజులు గడిచాయి, జవాబు లేదు, అప్పీలు వేశాం. దరఖాస్తు ముట్టినట్టు కార్యాలయం వేసిన ముద్ర వున్న కాగితాన్ని ఆమె మిషను సొరుగులో, దారపు కండెల కింద దాచింది.