గురివింద, గీటురాయి, తుపాకీమందు

మా నాన్న కంసాలి. గురివింద గింజలతో బంగారం తూచేవారు. నేను టెక్సస్‌లో మా ఇంటి గరాజులో కూర్చుని తుపాకీమందు తూస్తాను. ఇక్కడి తూకం గ్రెయిన్, పౌండుకు 7,000. ఒకప్పుడు అదీ యవగింజ ఎత్తే. గురివింద దానికి రెండింతల కన్నా కాస్త తక్కువ.

నేను వేటాడను, కాగితపు గురి మీదే కాలుస్తాను. పేలిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, మందును అంటించే కొత్త ప్రైమరు పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తాను. మందులన్నీ ఒకేలా మండవు. బరువు గుండు నిదానంగా కదులుతుంది. దాని వెనుక మందు గబుక్కున మండితే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే దానికి నిదానంగా మండే మందు కావాలి. అదే మందును పొట్టి గొట్టంలో వాడితే చాలా శక్తి మూతి దగ్గర మంటగా వృథా అవుతుంది.

ఒక మిత్రుడు తన రైఫిల్‌కు అమృతంలా కుదిరిన కొలత చెప్పారు. నాదీ అదే కంపెనీ, అదే నమూనా. తక్కువ నుంచి మొదలుపెట్టాలన్న నియమం పక్కనపెట్టి, ఆ కొలతే పోశాను. రెండో తూటాకే బోల్టు బిగుసుకుంది. తొడుగు తీసి చూస్తే ప్రైమరు రేకులా చదునైపోయింది, పీడనం మితిమీరిందనడానికి గుర్తుగా. చేతులు వణికాయి. మిగిలిన తూటాలన్నీ ఇంటికి తెచ్చి విప్పేశాను.

ఆ రాత్రి గీత మూడో అధ్యాయంలోని స్వధర్మం గుర్తొచ్చింది. కుంపటి ముందు కూర్చోవడమే నా స్వధర్మమని, చదువు నాకెందుకని చిన్నప్పుడు ఊళ్లో పెద్దలు అనేవారు. ఒకే కార్ఖానాలో పుట్టిన రెండు గొట్టాలకే ఒక కొలత సరిపడనప్పుడు, పుట్టుక చూసి మనిషి ధర్మం ఎలా నిర్ణయిస్తాం?

అలాగని ఎవరికి తోచిందల్లా ధర్మం కాదు. ఉక్కు ఓర్చుకునే పీడనానికి హద్దుంది. అది దాటితే కాల్చేవాడికే కాదు, పక్కన నిలబడ్డవాడికీ ముప్పు. మనుషులకు ఆ హద్దు అహింస అని నా నమ్మకం. ఆ హద్దుకు లోబడి, తక్కువతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, కాల్చిన ప్రతి తొడుగునూ పరీక్షించుకుంటూ ఎవరి కొలత వారు తెలుసుకోవాలి.

తెచ్చినవాళ్ళ ఇంటిపేరు చూసి నాన్న ఏ బంగారాన్నీ నమ్మలేదు. గీటురాయి మీద గీసి చూసేవారు.