పోటీ గుర్రం – రౌతు చెప్పుకోవలసిన లెక్క

దివ్యఖుర్ఆన్‌లో గుర్రాలపై ప్రమాణంతో మొదలయ్యే సూరా ఒకటుంది. అదే 'అల్ ఆదియాత్'. రొప్పుతూ పరుగెత్తే గుర్రాలు, వాటి డెక్కల నుండి రాలే నిప్పురవ్వలు, తెల్లవారుజామున లేచే దుమ్ము – వీటన్నిటినీ ప్రస్తావించిన తరువాత అల్లాహ్ చెప్పిన విషయం గుర్రం గురించి కాదు, మనిషి గురించి. మనిషి తన ప్రభువు పట్ల కృతఘ్నుడని, సంపద మీద అతనికి వల్లమాలిన వ్యామోహం ఉందని, గుండెల్లో దాచుకున్నవన్నీ బయటపడే రోజు ఒకటి రానున్నదని ఆ సూరా హెచ్చరిస్తుంది. గుర్రం తన యజమాని మాట మీద ప్రాణాలకు తెగించి పరుగెడుతుంది. మరి ఆ యజమాని తన అసలు యజమానికి ఏం సమాధానం చెప్పుకుంటాడు? ఈ వ్యాసంలో మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

గుర్రాల పోటీ అనగానే మనకు హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు, అక్కడ కాసే పందేలు గుర్తుకొస్తాయి. ఆ జూదం సంగతి స్పష్టమే. అది నిషిద్ధం. అయితే జూదం లేని పోటీలు కూడా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా కఠినమైనది 'ఈవెంటింగ్'. జూదం లేనంత మాత్రాన అక్కడ నైతిక ప్రశ్న లేకుండా పోతుందా అన్నది చూద్దాం.

మూడు పరీక్షలు

ఈవెంటింగ్ సైన్యంలో పుట్టిన పోటీ. సైనికాధికారి గుర్రానికి మూడు గుణాలు ఉండాలని పూర్వం భావించేవారు. కవాతు మైదానంలో అది చెప్పిన మాట వినాలి. వార్త మోసుకుపోవలసి వస్తే కాలువలు, కంచెలు, గుట్టలు దాటుకుంటూ దౌడు తీయాలి. అంత శ్రమపడ్డాక కూడా మరునాడు మళ్ళీ పనికి సిద్ధంగా ఉండాలి. ఈ మూడింటినీ పరీక్షించే పోటీ 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి జరిగింది. చాలాకాలం వరకు ఒలింపిక్స్‌లో ఇందులో ఎక్కువగా సైనికాధికారులే పాల్గొనేవారు. తరువాత సామాన్య పౌరులు కూడా ఈ పోటీలోకి వచ్చారు.

నేటికీ ఆ మూడు అంకాలే ఉన్నాయి. మొదటిది 'డ్రెసాజ్'. ఇందులో గుర్రం నడక, విధేయత చూస్తారు. రెండవది 'క్రాస్‌కంట్రీ'. అత్యున్నత స్థాయిలో గుర్రం సుమారు 11 నిమిషాల పాటు, నిమిషానికి 570 మీటర్ల వేగంతో, ఆరు కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతూ దుంగలను, గోతులను, నీటిమడుగులను దూకాలి. మూడవది 'షో జంపింగ్'. తాకితే పడిపోయే కర్రలను, ముందురోజు అలసట మోస్తూనే, జాగ్రత్తగా దూకాలి.

భారతదేశానికి కూడా ఈ క్రీడలో పేరుంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ స్వర్ణం గెలిచారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బెంగుళూరుకు చెందిన ఫవాద్ మీర్జా వ్యక్తిగత రజతం సాధించారు. జట్టుకు కూడా రజతం దక్కింది.

ఒక సీజను ఎలా గడుస్తుంది

ఒక జట్టు తన గుర్రాలతో ఏడాదంతా ఎలా గడుపుతుందో చూస్తే ఈ పోటీ లోపలి స్వభావం అర్థమవుతుంది. చలికాలంలో పోటీలుండవు. అప్పుడు గుర్రాలను గట్టి దారుల మీద వారాల తరబడి నడిపిస్తారు. కాళ్ళలోని నరాలు, ఎముకలు గట్టిపడాలంటే తొందరపడకూడదు. తరువాత మిట్టల మీదికి మెల్లని పరుగు. ఆపైన కొద్దినిమిషాల దౌడు, కొద్దినిమిషాల విశ్రాంతి, మళ్ళీ దౌడు. వసంతంలో చిన్న పోటీలు మొదలవుతాయి. కింది స్థాయిలో నిర్ణీత ఫలితాలు సాధించని గుర్రానికి పై స్థాయిలో ప్రవేశం లేదు. ఏప్రిల్‌లో అమెరికాలోని కెంటకీ, మే నెలలో ఇంగ్లాండులోని బ్యాడ్మింటన్, జూన్‌లో జర్మనీలోని లూమ్యూలెన్, సెప్టెంబరులో ఇంగ్లాండులోనే బర్లీ, అక్టోబరులో అమెరికాలోని మేరీల్యాండ్, ఫ్రాన్సులోని పో – ఇలా పెద్ద పోటీలు వరుసగా వస్తాయి. కానీ ఒకే గుర్రాన్ని వీటన్నిటికీ తిప్పరు. అంతటి దూరం ఒక గుర్రం ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు పరుగెత్తుతుంది. మిగతా కాలమంతా తయారీ, విశ్రాంతి.

ఈ పోటీలలో మన దృష్టిని ఆకర్షించవలసిన ఘట్టం దూకడం కాదు. క్రాస్‌కంట్రీ ముగిసిన రాత్రి, దాని మరునాటి ఉదయం. రాత్రంతా సాయిసులు గుర్రం పక్కనే ఉంటారు. కాళ్ళకు చన్నీళ్ళు, మంచుగడ్డలు పెడతారు. ఎక్కడైనా వేడి ఉందా, వాపు ఉందా అని చేత్తో తడిమి చూస్తారు. తెల్లవారాక న్యాయనిర్ణేతలు, పశువైద్యుడు నిలబడి ఉండగా, జీను లేకుండా గుర్రాన్ని వారి ముందు నడిపించి, పరుగెత్తించి చూపాలి. నడకలో కుంటుదనం కనబడితే పోటీ అక్కడితో సమాప్తం. ముందురోజు అందరికన్నా పైన ఉన్నా సరే, దానికి మినహాయింపు లేదు. చాలాసార్లు రౌతే ముందుగా గుర్రాన్ని ఉపసంహరించుకుంటాడు. ఏడాది శ్రమ, ప్రయాణపు ఖర్చు, పతకం మీద ఆశ – అన్నిటినీ ఆ ఉదయం వదులుకుంటాడు.

ప్రవక్త (స) కాలంలో

గుర్రాల పోటీ ఇస్లాంకు కొత్త కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా పోటీలు పెట్టించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. బాగా తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు పరుగు. అది ఐదారు మైళ్ళని ఉల్లేఖకులు వివరించారు. తర్ఫీదు పొందని గుర్రాలకు సనియ్యా నుండి బనూ జురైఖ్ మస్జిద్ వరకు మాత్రమే. అది మైలు దూరం. ఇబ్నె ఉమర్ (రజి) కూడా ఆ పోటీలో పాల్గొన్నారు. తర్ఫీదు అంటే గుర్రానికి ముందు బాగా మేపి, తరువాత మేత తగ్గించి, కప్పులు కప్పి చెమట పట్టించి, కండ గట్టిపడేలా చేయడం.

ఈ హదీసును మనం తరచుగా పోటీ ధర్మసమ్మతమే అనడానికి ఆధారంగా చూపుతాము. అది నిజమే. కానీ అందులో మరో పాఠం ఉంది. రెండు రకాల గుర్రాలకు రెండు వేర్వేరు దూరాలు! సిద్ధంగా లేని ప్రాణిని సిద్ధమైన దానితో సమానంగా ఉరికించలేదు. శక్తిని బట్టి భారం. పోటీకి అనుమతి, ప్రాణికి హద్దు – ఈ రెండూ ఒకే హదీసులో కలిసే ఉన్నాయి.

గుర్రం ముగ్గురికి మూడు విధాలుగా ఉంటుందని కూడా ఆయన (స) బోధించారు. ఒకరికి పుణ్యం, ఒకరికి పరువు కాపాడే ఆధారం, ఇంకొకరికి పాపభారం. గొప్ప చూపించుకోవడానికి, అహంకారంతో పెంచేవాడికి అది పాపభారమే. రెండో వ్యక్తి గురించి చెబుతూ, అతడు గుర్రాల మెడల విషయంలో, వీపుల విషయంలో అల్లాహ్‌కు ఉన్న హక్కును మరువడని సెలవిచ్చారు. గుర్రం వీపు మీద మన జీను ఉండవచ్చు. కానీ ఆ వీపు మీద అల్లాహ్ హక్కు కూడా ఉంది.

ఓటమిని ఎలా స్వీకరించాలో కూడా ఆయన (స) నేర్పారు. ఆయన ఒంటె 'అజ్‌బా'ను ఎవరూ ఓడించలేకపోయేవారు. ఒకసారి ఒక పల్లెవాసి తన లేత ఒంటె మీద వచ్చి దాన్ని దాటిపోయాడు. ముస్లింలకు అది చాలా బాధ కలిగించింది. ప్రపంచంలో పైకి లేచిన ప్రతిదాన్నీ కిందికి దించడం అల్లాహ్ సంప్రదాయమని చెప్పి ప్రవక్త (స) వారిని ఓదార్చారు. ఒంటెను అదిలించలేదు, మళ్ళీ పోటీ పెట్టమనలేదు. ఓడిపోవడం తెలియనివాడే ప్రాణిని హద్దు దాటి తోలుతాడు.

అవసరం తీరిపోయాక

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఎదురవుతుంది. ఆనాడు గుర్రానికి తర్ఫీదు ఇవ్వడం సమాజ రక్షణకు అవసరం. ఐరోపా సైన్యాలు ఈవెంటింగ్‌ను ప్రారంభించినప్పుడు కూడా అవసరమే కారణం. నేడు యుద్ధాలు గుర్రాల మీద జరగడం లేదు. అవసరం తీరిపోయాక, ఆ ప్రమాదాన్ని గుర్రం ఎవరి కోసం మోస్తున్నట్టు?

ఈ ప్రమాదం ఊహ కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్విట్జర్లాండ్ జట్టుకు చెందిన 'జెట్ సెట్' అనే 14 ఏళ్ళ గుర్రం క్రాస్‌కంట్రీలో కుంటింది. కుడికాలి కింది భాగంలో, డెక్కకు కొంచెం పైన, కీలును పట్టి ఉంచే బంధనం తెగిపోయింది. బాగుపడే అవకాశం లేదని వైద్యులు తేల్చడంతో, బాధ పెట్టకుండా దాని ప్రాణం తీయవలసి వచ్చింది. ఆ రౌతు క్రూరుడు కాడు. కుంటుతనం గమనించగానే ఆపేశాడు. అయినా ఆ పరుగు గుర్రం కోరుకున్నది కాదన్న నిజం మాత్రం మిగిలే ఉంటుంది.

గుర్రానికి పరుగంటే ఇష్టం కదా అని కొందరంటారు. నిజమే, పరుగు దాని స్వభావంలో అల్లాహ్ పెట్టిన గుణం. కానీ ఎంత దూరం, ఎంత వేగం, ఏ అడ్డంకి అన్నది నిర్ణయించేది మనిషి. ఇష్టం గుర్రానిదైనా నిర్ణయం మనిషిది. లెక్క కూడా నిర్ణయించినవాడే చెప్పాలి. మా అభిప్రాయంలో ఇలాంటి పోటీని పూర్తిగా తప్పు అనడానికీ లేదు, ఆట కదా అని తేలికగా తీసుకోవడానికీ లేదు. అవసరం తగ్గినకొద్దీ జాగ్రత్త పెరగాలి. ప్రాణరక్షణ కోసం మోపదగిన భారం వేరు, చప్పట్ల కోసం మోపదగిన భారం వేరు. బలంగా తాకితే తనంత తానే కిందికి పడిపోయే కంచెలు, కొరడా వాడకంపై పరిమితులు, గుర్రం పడిపోతే తక్షణం పోటీ నుండి తొలగింపు – ఈ క్రీడ ఇటీవలి దశాబ్దాలలో తెచ్చుకున్న ఇలాంటి నియమాలన్నీ ఆ దిశలో వేసిన అడుగులే.

తప్పు గుర్రానిదా?

అదే టోక్యో క్రీడల్లో మరో సంఘటన జరిగింది. అది ఈవెంటింగ్ కాదు, ఐదు క్రీడలు కలిసిన మోడరన్ పెంటాథ్లాన్. అందులో రౌతుకు పరిచయం లేని గుర్రాన్ని ఇస్తారు. అలవాటు చేసుకోవడానికి ఇచ్చే సమయం 20 నిమిషాలే. బెదిరిపోయిన గుర్రం దూకనని మొరాయించింది. రౌతు కన్నీళ్ళు పెట్టుకుంది. శిక్షకురాలు గుర్రాన్ని గట్టిగా కొట్టమని అరిచింది, తానూ పిడికిలితో గుద్దింది. ఆమెను క్రీడల నుండి బహిష్కరించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ తరువాత ఆ క్రీడ నుండి గుర్రపుస్వారీనే తొలగించారు.

ఈ సందర్భంలో సాద్ సూరాలోని హజ్రత్ సులైమాన్ (అ) వృత్తాంతం గుర్తుచేసుకోవాలి. సాయంకాలం మేలుజాతి గుర్రాలను ఆయన ముందుకు తెచ్చారు. వాటి వల్ల దైవస్మరణకు ఆటంకం కలిగిందని భావించి ఆయన వాటి కాళ్ళను, మెడలను నరికారని కొందరు వ్యాఖ్యానించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మాత్రం ఆయన ప్రేమతో వాటి కాళ్ళను, మెడలను నిమిరారని అన్నారు. ఇమామ్ తబరీ ఈ రెండో భావానికే మొగ్గుచూపారు. గుర్రాలను చూస్తూ ఉండిపోవడం మనిషి పని, అందులో గుర్రాల తప్పేముంది, నిష్కారణంగా ఒక ప్రవక్త మూగజీవిని ఎలా శిక్షిస్తారు అన్నది ఆయన తర్కం. ఎంత న్యాయమైన తర్కం! మన పొరపాటుకు, మన పరాజయానికి ప్రాణిని దండించే హక్కు మనకు లేదు.

మన ఇళ్ళలో

మన ఇళ్ళలో పోటీ గుర్రాలు లేవు. కానీ మన మాట మీద శ్రమించే ప్రాణులు ఉన్నాయి. పెళ్ళి ఊరేగింపులో బాణాసంచా మోతల మధ్య, రాత్రి పొద్దుపోయేదాకా వరుణ్ణి మోసే అద్దె గుర్రాన్ని చూడండి. దాని వీపు మీద ఒరుపులున్నాయా, నీళ్ళు తాగిందా అని పెళ్ళివారిలో అడిగేవారెందరు? మన పల్లెల్లో బండలాగుడు పోటీలకు కట్టే ఎద్దుల సంగతీ ఇంతే. ఒక అన్సారీ తోటలో ఒంటె కన్నీరు కార్చడం చూసి ప్రవక్త (స) దాని చెవుల వెనుక నిమిరారు. నీ అధీనంలో పెట్టిన ఈ జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా, నువ్వు దీన్ని పస్తులుంచి అలసగొడుతున్నావని నాతో మొరపెట్టుకుంది అని యజమానిని మందలించారు. ఆ ఒంటె మొర వినడానికి ప్రవక్త (స) ఉన్నారు. మన పెళ్ళి గుర్రం మొర వినేవాడు అల్లాహ్ ఒక్కడే.

మూగజీవులతోనే ఈ విషయం ముగిసిపోదు. ఇంట్లో పనిచేసే అమ్మాయి, దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడు, కార్ఖానాలో కూలీ – వీరికి నోరుంది, కానీ చెప్పుకునే ధైర్యం ఉండదు. మీ చేతికింద ఉన్నవారిపై శక్తికి మించిన పని మోపకండి, మోపవలసి వస్తే మీరూ చేయి కలపండి అన్నది ప్రవక్త (స) బోధ. పండుగ ముందురోజు రాత్రి రెండింటి దాకా పని చేయించుకుని, తెల్లవారి మళ్ళీ ఆరింటికే రమ్మనే ముందు మనం ఒక్క క్షణం ఆగాలి.

ఈవెంటింగ్ నుండి విశ్వాసి తీసుకోదగిన కొలమానం ఒకటుంది. ఒక ప్రాణి చేత మనం పని చేయించుకున్న తీరు సరైనదా కాదా అన్నది ఆ రోజు వచ్చిన ఫలితంతో తేలదు. మరునాటి ఉదయం ఆ ప్రాణి కుంటకుండా, బెదరకుండా నిలబడిందా అన్న దానితో తేలుతుంది. అక్కడ న్యాయనిర్ణేతలు గుర్రాన్ని నడిపించి చూస్తారు. ప్రళయదినాన అల్లాహ్ మన చేతికింద నలిగిన ప్రతి ప్రాణి గురించి మనల్నే నిలబెట్టి అడుగుతాడు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందని, దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపిన మనిషి క్షమాభిక్ష పొందాడని మనకు ముందే తెలియజేయబడింది. ఇక మనకు తెలియదన్న సాకు లేదు.

తన అధీనంలో పెట్టిన ప్రతి ప్రాణి హక్కును గుర్తించి, శక్తికి మించిన భారం మోపకుండా నడుచుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.