శబ్దార్పణము

ఓం శ్రీగురుబసవలింగాయ నమః

శరణులారా! వార్ధక్యమున పెక్కుమంది భక్తులను ఒక రహస్యవేదన బాధించుచుండును. కరపీఠమున ఇష్టలింగమును నిలిపి దృష్టి సారించినంతనే వీథిలోని బస్సు హారను, పొరుగింటి టీవీ, వంటయింటి మాటలు మనస్సును ఈడ్చుకొనిపోవును. యౌవనమున రైళ్ల రొద నడుమ నిశ్చలముగా పూజ సాగించిన బెజవాడవాసి సైతము అరువది యేండ్లు దాటిన పిమ్మట గిన్నె చప్పుడునకే ఉలికిపడును. తన భక్తి సన్నగిల్లెనని లోలోన కుమిలి, కొందరు పూజాకాలమునే కుదించుకొందురు. ఈ భ్రమ తొలగవలెను.

ఇది దేహధర్మము. వయస్సు పైబడిన కొలది చెవి మొదట కీచుధ్వనులను గ్రహింపలేకపోవును. అందుచే స, ష, త వంటి హల్లులు అస్పష్టములగును. మాట వినబడును గాని తెలియదు. అంతేకాక, వలదనుకొన్న శబ్దమును త్రోసిపుచ్చు మనశ్శక్తి మందగించును. లిన్ హాషర్, రోజ్ జాక్స్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1988లో ఈ విషయమునే ప్రతిపాదించిరి. కృష్ణా డెల్టా రైతు ఎరిగిన పోలిక చెప్పవలెనన్న, కాలువలో నీరు తగ్గలేదు. లాకు తలుపు బిగువు సడలినది.

మరి శరణమార్గమున ఉపాయమేమి? షట్‌స్థలశాస్త్రము లింగమును ఆరు తావులందు నెలకొల్పినది. ఘ్రాణమున ఆచారలింగము, జిహ్వయందు గురులింగము, నేత్రమున శివలింగము, త్వక్కున జంగమలింగము, శ్రోత్రమున ప్రసాదలింగము, హృదయమున మహాలింగము. పుష్పగంధము ఆచారలింగమునకు అర్పితమగునట్లే శబ్దము ప్రసాదలింగమునకు అర్పితము. కావున హారను వినబడినచో దానితో పోరాడక, ప్రసాదలింగమునకు సమర్పించి, దృష్టిని మరల ఇష్టలింగముపై నిలుపవలెను. పదిమార్లు మనస్సు చెదరినచో పదిమార్లు అర్పణ జరిగినట్లే.

శ్రీపతి పండితారాధ్యుడు నిప్పును వస్త్రమున మూటగట్టి జమ్మిచెట్టునకు వ్రేలాడదీసెనని బెజవాడ గాథ. నిప్పు చల్లారలేదు, వస్త్రము కాలలేదు. రొద నడుమ మనస్సును కాపాడుకొను తీరు ఇట్టిదే.

అయితే భారమంతయు వృద్ధులపై మోపుట ధర్మము కాదు. బసవేశ్వరుడు దాసోహమును బోధించెను. పెద్దలకు నిశ్శబ్దమును సమర్పించుటయు దాసోహమే. వారు లింగపూజలోనున్న వేళ టీవీ ఆపుడు. ఎదుట నిలిచి, ఒక్కొక్కరుగా, నిదానముగా పలుకుడు. కేకలు వేసినంత మాత్రమున హల్లులు తేటపడవు. ఉత్సవములందు మైకును వారి కిటికీవైపు త్రిప్పకుడు. వినికిడి తగ్గినచో వైద్యునికి చూపుడు. కంటికి అద్దములు పెట్టుకొని లింగమును దర్శించువారు చెవికి యంత్రము పెట్టుకొనుటకు ఏల సిగ్గుపడవలెను?

మనస్సు చెదరనివాడే భక్తుడైనచో ముదిమికి తావెక్కడ? చెదరిన ప్రతిసారియు లింగమువైపు మరలువానిని శివుడు విడువడు.

శరణు శరణార్థి.