బండి మీది, ఎదురుచూపు ఇంటివాళ్లది

అమావాస్యకి చెరువుగట్టు జడల రామలింగేశ్వర స్వామి దర్శనానికి హైదరాబాద్ నుంచి బైకుల మీద వెళ్లే తమ్ముళ్లను చూస్తుంటాను. చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి దాకా 65వ నంబరు జాతీయ రహదారి, చీకటి, పక్కనే లారీలు. "బండి మీద నాకు కంట్రోల్ ఉందన్నా" అంటారు. ఉంటుంది, కాదనను.

యువరాజుగా ఉన్నప్పుడు దశరథుడికీ తన గురి మీద అంతే నమ్మకం. సరయూ ఒడ్డున, చీకట్లో, చప్పుడు విని బాణం వేశాడు. గురి తప్పలేదు. కానీ అక్కడున్నది ఏనుగు కాదు, కుండలో నీళ్లు ముంచుకుంటున్న శ్రవణ కుమారుడు. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తున్న చూపులేని తల్లిదండ్రులూ కొడుకు వెంటే పోయారు. ఒక్క బాణం, మూడు ప్రాణాలు.

రోడ్డు మీద మనం దశరథుడైనా కావచ్చు, శ్రవణుడైనా కావచ్చు.

బండి మానేయమని చెప్పను. దసరాకి బండికి పూజ చేస్తాం కదా, పక్కన రెండు హెల్మెట్లు కూడా పెట్టండి. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. నిద్రొస్తే ఆగండి. తెల్లారి బస్సులో వెళ్లినా స్వామి గుట్ట మీదే ఉంటాడు. చేరగానే ఇంటికి ఫోన్ చేయండి. అమ్మ నిశ్చింతగా నిద్రపోతే అదీ శివపూజే.

ఓం నమః శివాయ.