ప్రాణానికి వెల కట్టేదెవరు?





పొరుగున ముస్లిమేతరుల ఇంట కాలేజీకి వెళ్ళే బిడ్డ చనిపోతే పలకరించడానికి వెళ్ళవచ్చా అని కొందరు అడుగుతుంటారు. తప్పక వెళ్ళాలి. ఖాదిసియాలో హజ్రత్ సహల్ బిన్ హునైఫ్ (రజి), హజ్రత్ ఖైస్ బిన్ సఅద్ (రజి) కూర్చుని ఉండగా ఒక జనాజా వెళ్ళింది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. అది ముస్లిమేతరునిది కదా అన్నారు పక్కవారు. దైవప్రవక్త (స) ఒక యూదుని శవయాత్రకు లేచి నిలబడ్డారనీ, యూదునిదని చెబితే, అతనిదీ ప్రాణమే కదా అని అడిగారనీ వారు బదులిచ్చారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. నిలబడే ఆదేశం తర్వాత రద్దయిందా అని ఉలమాలలో చర్చ ఉంది. ఆ ప్రశ్న మాత్రం రద్దయ్యేది కాదు.

ఆదోనికి చెందిన జాహ్నవి కందుల వయసు 23 ఏళ్ళు. అమెరికాలోని సియాటిల్‌లో, నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకునేది. 2023 జనవరి 23న రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొని మరణించింది. గంటకు 25 మైళ్ళు మించకూడని వీధిలో ఆ కారు ఒక దశలో 74 మైళ్ళ వేగం అందుకుంది. తర్వాత మరో అధికారి ఫోనులో నవ్వుతూ, ఆ అమ్మాయి విలువ పరిమితమేననీ, 11 వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందనీ అన్న మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయ్యాయి. లాయర్లను వెక్కిరిస్తూ అన్నానని సమర్థించుకున్నాడు. ఆమె వయసు 26 అని కూడా అన్నాడు. వయసు తెలియనివాడు వెల కట్టాడు! 2024లో అతణ్ణి, 2025లో కారు నడిపినవాణ్ణి ఉద్యోగాల నుంచి తొలగించారు. విశ్వవిద్యాలయం మరణానంతరం డిగ్రీ ఇస్తామని ప్రకటించింది. క్రిమినల్ కేసు మాత్రం పెట్టలేదు.

సూరె నిసా 92వ ఆయతు చూడండి. పొరపాటున ప్రాణం తీసినా, వారసులు మాఫ్ చేస్తే తప్ప, దియత్ చెల్లించాలి. దానితో పాటు బానిసను విడుదల చేయాలి; ఆ వీలు లేనివారు ఎడతెగకుండా రెండు నెలలు రోజాలు ఉండాలి. మనతో ఒడంబడిక ఉన్న ఇతర జాతివారి విషయంలోనూ ఇదే ఆదేశం. పసిపాప అయినా, పండు ముసలి అయినా వయసును బట్టి దియత్ మారదు. వారసులు డబ్బు వదులుకున్నా ఆ రోజాలు మాఫ్ కావు. అవి అల్లాహ్ హక్కు.

కోరుకొండ నుంచి రాజమండ్రికి బైకు మీద దూసుకుపోయే మన అబ్బాయిలకు ఈ ఆయతు ఎవరు వినిపిస్తున్నారు? బండి ఎవరికైనా తగిలితే "తఖ్దీర్" అనేస్తాం. తఖ్దీర్ మీద ఈమాన్ ఉన్నవాడికి కఫ్ఫారా మీద ఉండొద్దా? రాజీ కుదిరాక రెండు నెలల రోజాల సంగతి ఏ పెద్దమనిషి అడిగాడు? ఈ జుమా నాడు తాళంచెవి చేతికిచ్చే ముందు, తండ్రి ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ఈ ఆయతు అర్థం చెప్పాలి. జాహ్నవి పేరు కూడా చెప్పాలి.